ముందు సగం

సిద్దిరాములుకు జపనీస్ రాదు. ఆ సంగతి ఆయనకు తెలియదు. నాలుగేళ్లుగా ఆయన ఆ భాషను చెబుతున్నాడు.

పుట్టింది చౌటుప్పల్ దగ్గర ఒక పల్లె. డిగ్రీ మూడుసార్లు రాసి పూర్తి చేశాడు. పాతికేళ్ల కింద దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, పదో తరగతి తప్పినవాళ్ల ట్యుటోరియల్‌లో సాంఘిక శాస్త్రం చెప్పడానికి కుదిరాడు. ఆయన పద్ధతి అక్కడ పట్టుబడింది. కనిపెట్టింది ఆయన కాదు. ఆ సందుల్లో పాఠం చెప్పే ప్రతివాడూ అదే చేస్తాడు. మాటలో ముందు సగం సారు అంటాడు. గొంతు పైకెత్తి ఆగుతాడు. మిగతా సగం క్లాసు అరుస్తుంది.

"మొదటి పానిపట్టు యుద్ధంల బాబర్ చేతిల ఓడింది ఇబ్రహీం లో...?"

"డీ!"

ఆ ఒక్క అక్షరం పిల్లలది. మిగిలిన చరిత్రంతా సారుది. అరిచినవాడు తనకు వచ్చిందనుకునేవాడు. అరిపించినవాడు తాను నేర్పాననుకునేవాడు. ఇద్దరూ సంతోషంగా ఇళ్లకు పోయేవారు.

ట్యుటోరియల్ మూతపడింది. సిద్దిరాములు స్పోకెన్ ఇంగ్లిష్‌కు మారాడు. ఐ యామ్ గో...? ఇంగ్! తర్వాత బ్యాంకు పరీక్షలకు మారాడు. సందులో బోర్డులు మారినప్పుడల్లా ఆయన సబ్జెక్టు మారింది. గొంతు పైకెత్తి ఆగే చోటు మారలేదు.

తర్వాత జపాన్ వచ్చింది. అక్కడ ముసలివాళ్లు ఎక్కువ, చూసేవాళ్లు తక్కువ. మన నర్సులు కావాలి, వాళ్లకు భాష రావాలి. సిద్దిరాములు ఫోన్‌లో వీడియోలు చూసి ఆరునెలల్లో మొదటి మెట్టు పరీక్ష పాసయ్యాడు. ఆ పరీక్షలో ఎవరూ నోరు తెరవరు. నాలుగు జవాబుల్లో ఒకదాన్ని పెన్సిల్‌తో దిద్దుతారు. దిద్దడం ఆయనకు వచ్చు. పద్మలత అనే ఆవిడ మెట్రో స్టేషన్ ఎదుటి సందులో, బ్యాగుల దుకాణం మీద నడిపే భాషల ఇన్‌స్టిట్యూట్‌లో జపనీస్ సారుగా చేరాడు. ఫ్లెక్సీ మీద తన పేరు పక్కన సెన్‌సేయ్ అని వేయించుకున్నాడు. జపాన్‌లో ఆ మాట ఎదుటివాళ్లు అనాలి. ఎవరూ తమకు తాము తగిలించుకోరు. ఆ సంగతి వీడియోల్లో లేదు కాబోలు.

క్లాసులో పదకొండు మంది నర్సులు. సాయంత్రం నాలుగు నుంచి ఆరు.

"సము...?"

"కత్తా!"

"అత్సు...?"

"కత్తా!"

"ఇసొగషి...?"

"కత్తా!"

మొదటిది చలి. రెండోది వేడి. మూడోది ఊపిరాడనంత పని. కత్తా అంటే అదంతా అయిపోయిన సంగతి అని. ఇప్పుడు ఉందని చెప్పడానికి ఇ అనే తోక, కాదని చెప్పడానికి ఇంకో తోక, కాలేదని చెప్పడానికి ఇంకో తోక. మొత్తం నాలుగు తోకలు. సిద్దిరాములు వాటిని ఎక్కాల్లా వల్లె వేయించాడు. మూడు వారాల్లో పదకొండు మందికీ తోకలు కంఠతా వచ్చాయి. ఆయన మార్కర్ ఎత్తగానే గది దద్దరిల్లేది. కింద ఫుట్‌పాత్ మీద ఇయర్‌ఫోన్లు అమ్ముకునేవాడు కూడా కత్తా కత్తా అనేవాడు.

ఆ పదకొండు మందిలో సంధ్యారాణి ఒకతె. నకిరేకల్ వైపు ఊరు. ఎల్బీ నగర్‌లో ఒక చిన్న ప్రైవేటు దవాఖానలో పొద్దుటి డ్యూటీ చేసి, మెట్రో ఎక్కి క్లాసుకు వచ్చేది. ఒకరోజు అరుపుల మధ్య చెయ్యెత్తింది.

"సార్, ఒక డౌట్."

"ఏంది?"

"మనం సల్లటి నీళ్లు అంటం. నిన్న తాగినయి గూడ సల్లటి నీళ్లే. సల్లటి అన్నది ఏం మారదు. ఆఖర్ల ఉన్నయి అనో, ఉండె అనో అంటం. వాళ్లకు సల్లటి అన్న మాటనే ఎందుకు మారుతది సార్?"

"ఎందుకంటే వాళ్లు జపానోళ్లు."

క్లాసు నవ్వింది. సంధ్యారాణి కూర్చోలేదు.

"గది గాదు సార్. నేను ముందుగల సముయి అనేస్తున్న. అన్నంక యాదికొస్తది, చలి నిన్నటిది గదా అని. అప్పటికే మాట నోట్లకెళ్లి పోయింది. ఇగ ఆఖర్ల ఏదో ఒకటి అతికిస్తున్న. అది తప్పంట."

"తప్పే."

"ఇంకోటి సార్. కిరెయి అంటే అందం గదా. అది గూడ సముయి లెక్కనే ఇ మీద ఆగుతది. దానికి మాత్రం ఈ తోకలు పెట్టొద్దంట. రెండు ఒక్క తీరుగున్నప్పుడు ఎట్ల గుర్తు పట్టాలె?"

"గుర్తు పట్టుడు ఏందమ్మా? బట్టీ పట్టు. ఎందుకు, ఎట్ల అని అడిగితే ఎవడన్న వీసా ఇస్తడా? కూసో."

ఆమె కూర్చుంది.

నాలుగేళ్లలో ఆ గదిలో పుట్టిన ఆలోచన అదొక్కటే. సిద్దిరాములు దాన్ని చీమను నలిపినట్టు నలిపాడు. తెలుగులో మంచి అనే మాటకు నిన్న లేదు, రేపు లేదు. అది ఎప్పుడూ మంచే. బరువంతా వాక్యం చివర క్రియ మోస్తుంది. మనకు చివరిదాకా ఆలోచించుకునే తీరిక ఉంటుంది. జపనీస్‌లో సగం విశేషణాలు క్రియల్లాగా కదులుతాయి. చలి అనే మాట పలికేలోపే అది ఇప్పటిదా, అయిపోయిందా, అసలు ఉందా లేదా తేల్చుకోవాలి. మిగతా సగం కదలవు. చూడటానికి అవీ ఇవీ ఒకలాగే ఉంటాయి. ఇది తోకల సమస్య కాదు. నోరు తెరవకముందు బుర్ర చేయాల్సిన పని. ఆ పని చేయడానికి కాస్త మౌనం కావాలి. సిద్దిరాములు తన క్లాసులో మౌనాన్ని ఎన్నడూ సహించలేదు. రెండు క్షణాలు జవాబు రాకపోతే ముందు సగం తానే అందించేవాడు.

జూన్‌లో ఇంటర్వ్యూ జరిగింది. జపాన్‌లో వృద్ధాశ్రమం నడిపే ఒక ఆవిడ వీడియోలో కూర్చుంది. నర్సులు ఒక్కొక్కరే పద్మలత ఏసీ గదిలో లాప్‌టాప్ ముందు కూర్చున్నారు. సిద్దిరాములు తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆవిడ అందరినీ ఒకే ప్రశ్న అడిగింది. నిన్న మీ డ్యూటీ ఎలా ఉంది?

సంధ్యారాణికి ప్రశ్న అర్థమైంది. జవాబూ తెలుసు. ఆమె మాట్లాడలేదు. తెర మీద ఆవిడను చూసింది, తర్వాత తలుపు దగ్గర సారును చూసింది. ఏదో అందాలి. అందలేదు. తెర మీద ఆవిడ ఓపికగా ఎదురుచూసింది. సంధ్యారాణి కూడా ఎదురుచూసింది. నెట్ ఆగిపోయిందనుకుని పద్మలత వచ్చి వైరు కదిపింది.

పదకొండు మందీ అలాగే కూర్చుని లేచారు. ఒక్కరూ ఎంపిక కాలేదు.

"అన్నీ మొద్దు బుర్రలు మేడం," అన్నాడు సిద్దిరాములు. "క్లాసుల పులుల్లెక్క అరుస్తరు. కుర్చీల కూసుంటే పిల్లులైతరు. ఊళ్లకెళ్లి వస్తరు గదా. భయం."

పద్మలతది తెనాలి. మాట మెత్తగా ఉంటుంది. పని అలా ఉండదు.

"భయమైతే ఇద్దరు ముగ్గురికి ఉంటుందండీ సిద్దిరాములు గారూ. పదకొండు మందికీ ఒకేలా ఉండదు కదా. వచ్చే నెల ఆవిడే స్వయంగా వస్తున్నారు. ఈసారి కూడా ఇలాగే అయితే బ్యాచ్ మృదులకి ఇచ్చేస్తాను. ముందే చెబుతున్నాను, తర్వాత అనుకోవద్దు."

సిద్దిరాములుకు ఉన్నది ఆ ఒక్క బ్యాచే. బ్యాంకు పరీక్షల క్లాసులు అంతకు ముందు ఏడాదే ఫోన్లలోకి వెళ్లిపోయాయి. వయసు యాభై రెండు. ఈ బ్యాచ్ పోతే దిల్‌సుఖ్‌నగర్‌లో ఆయన్ను సారూ అని పిలిచే గది ఇంకొకటి లేదు.

మృదులది సైదాబాద్. జపాన్‌లో ఒక వృద్ధాశ్రమంలో మూడేళ్లు పనిచేసి, ఒప్పందం అయిపోయి తిరిగి వచ్చింది. పద్మలత పంపితే రెండు రోజులు వచ్చి వెనక బెంచీలో కూర్చుంది. ఏమీ రాసుకోలేదు. రెండో రోజు క్లాసు అయ్యాక బోర్డు దగ్గరికి వచ్చింది.

"సార్, ఒక మాట చెప్తే ఏమనుకోరు గదా."

"అన్నంక జూస్తా."

"మీరు సము అంటరు. వాళ్లు కత్తా అంటరు. సముకత్తా అని మొత్తం మాట ఈ రూంల ఒక్కలు గూడ అనలే. రెండు రోజులు ఇన్న. ఒక్కసారి గూడ అనలే."

"అరే, రెండు కలిపితే అదే గదమ్మా!"

"కలిపేటోళ్లు ఎవరు సార్? ముందు సగం మీ నోట్ల ఉంది. ఎనక సగం వాళ్ల నోట్ల ఉంది. ఇంటర్వ్యూల మీరు తలుపు కాడనే ఉన్నరంట, మీ సగం అందియ్యలే. వాళ్లు మీ సగం కోసం జూసిండ్రు."

సిద్దిరాములు మార్కర్ మూత బిగించాడు.

"నువ్వు ఆడ ముసలోళ్లకు తానం పోసినవ్. నేను ఈడ ఇరవై ఐదేండ్ల సంది పాఠం చెప్తున్న."

"అవును సార్. తానం పోసుకుంటనే నేర్చుకున్న. నీళ్లు ఎక్కువ వేడి ఉంటే ఆ అవ్వ ఒర్లేది. మొత్తం మాట ఒర్లేది. సగం ఒర్లి నా దిక్కు జూసేది గాదు."

ఆయన బోర్డు తుడిచాడు. ఆమెకు జవాబు చెప్పడం తన స్థాయి కాదనుకున్నాడు. ఆ సాయంత్రం ఇంటికి పోయే దారంతా ఆమెను లోపల తిట్టుకున్నాడు. తప్పు ఎక్కడుందో ఒక మనిషి చేత్తో చూపించింది. ఆయన ఆ చేతికి గాజులు లేవని చూసుకున్నాడు.

అయినా బ్యాచ్ పోతుందన్న భయం ఉంది. ఆయన రెండు పనులు చేశాడు. ఐదు ప్రశ్నలకు ఐదు పూర్తి జవాబులు రాసి, జిరాక్స్ తీయించి పంచాడు. ఇంటర్వ్యూకు ఒక నియమం పెట్టాడు.

"పేరు పిలిస్తెనే నోరు తెరవాలె. ఇంకొకళ్లను అడిగినప్పుడు ఎనకకెళ్లి కత్తా గిత్తా అని సప్పుడొచ్చిందో, ఆమె రేపట్నుంచి క్లాసుకు రావొద్దు. సమజైందా?"

"అయింది సార్," అన్నారు అందరూ కలిసి.

పద్ధతి మాత్రం అదే. పేరు పిలిస్తేనే అన్నది ఇంటర్వ్యూ రోజుకు. మిగతా రోజులన్నీ సము, కత్తా.

సంధ్యారాణి జిరాక్స్ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. మెట్ల మీద మృదులను ఆపింది.

"అక్కా, నాకు ముందుగల మాట బైటికి వస్తలేదు. ఏం చెయ్యాలె?"

"కాయితం సదువకు. ఒక పని జేయి, అయిపోయినంక అదెట్లుండెనో ఒక్క మాట చెప్పు. చాయ తాగినంక చెప్పు. తాగక ముందు చెప్పకు. ఎవలు అందియ్యకుంట చెప్పు. ఎంతసేపు పట్టినా సరే."

"తప్పొస్తే?"

"తప్పే చెప్పు. మొత్తం చెప్పు."

సంధ్యారాణి తన దవాఖానలో ఆ పని మొదలుపెట్టింది. రక్తపోటు చూసి పట్టీ విప్పి, బయటికి వచ్చి గోడకు ఒక మాట చెప్పేది. దుప్పటి మార్చి చెప్పేది. ఎల్బీ నగర్ స్టేషన్ మెట్లు ఎక్కి, పైన ఆగి, ఊపిరి తీసుకుని చెప్పేది. మొదటి వారం ఒక్కో మాటకు నిమిషం పట్టింది. చలి, వేడి నిలబడ్డాయి. అందం తప్పుతూనే ఉంది. దానికి తోక అతికేది, నాలుక కరుచుకునేది. ఆయాలు నవ్వారు.

"ఏంది బిడ్డా, గోడతోని ముచ్చట?"

"గోడ మధ్యల అందుకోదు అవ్వా."

జూలై చివర ఆశ్రమం ఆవిడ వచ్చింది. పొట్టి మనిషి. అరవై దాటి ఉంటాయి. వెంట తెలుగు వచ్చిన దుబాసి ఒకామె. ఆవిడ వీడియోలో మొహాలు చూసి విసిగిపోయిందేమో, పదకొండు మందినీ క్లాసు గదిలోనే కూర్చోబెట్టమంది. వెనక బెంచీల్లో నర్సులు, ముందు కుర్చీల్లో ఆవిడ, దుబాసి, పద్మలత. సిద్దిరాములు బోర్డు పక్కన తన చోటులో నిలబడ్డాడు. ఇస్త్రీ చేసిన కొత్త షర్టు వేసుకున్నాడు.

మొదటి ముగ్గురు జిరాక్స్ కాగితాన్ని గాలిలో చదివారు. ఆవిడ ప్రశ్న కొంచెం మార్చి అడిగింది. కాగితం అయిపోయింది. వాళ్లూ ఆగిపోయారు.

నాలుగోది సంధ్యారాణి. నిన్న డ్యూటీ ఎలా ఉంది?

సిద్దిరాములు పెదవులు ఇసొగ దాకా వెళ్లాయి. పద్మలత చూసిన చూపుకు మూసుకున్నాయి. సంధ్యారాణి ఆయన వైపు చూడలేదు. కిటికీ వైపు చూసింది. నిన్నటి డ్యూటీ మొత్తం ఒకసారి మనసులో చేసి వచ్చినట్టుంది.

"ఇసొగషికత్తా," అంది. కాస్త ఆగి, మర్యాదకు చివర పెట్టే చిన్న మాటా పెట్టింది.

ఆవిడ ముందుకు వంగింది. వార్డు ఎలా ఉండింది? సంధ్యారాణి అందానికి, శుభ్రానికి ఒకటే అయిన కిరెయిని పట్టుకుంది. తోక అతికించింది. తప్పు. ఆవిడ నవ్వి సరిచేసింది. సంధ్యారాణి మళ్లీ మొత్తం మాట అంది. ఇద్దరూ తల ఊపారు. తప్పు చేసి, దిద్దుకుని, బతికి బయటపడటం ఆ గదిలో అదే మొదటిసారి.

ఆమెను చూశాక మిగిలిన ఏడుగురిలో ముగ్గురు కాగితం వదిలేసి ఏదో ఒకటి మాట్లాడారు. నత్తిగా, తప్పుగా, మొత్తంగా.

అన్నీ అయ్యాక ఆవిడ లేచింది. సిద్దిరాములు వైపు తిరిగి నడుము వంచి నమస్కరించింది. సెన్‌సేయ్ అని పిలిచి ఒక ప్రశ్న అడిగింది. ఈ పిల్లలకు చెప్పడం మీకు ఎలా అనిపించింది? దుబాసి తెలుగు చేయలేదు. గురువుకు దుబాసి ఎందుకు?

సిద్దిరాములుకు ప్రశ్న అర్థమైంది. సంతోషంగా ఉండింది అని చెప్పాలి. ఆయన బోర్డు మీద వందసార్లు రాసిన మాటే. చెయ్యి పైకి లేచింది.

"తనోషి...?" అన్నాడు. ఆగాడు.

వెనక పదకొండు మంది కూర్చున్నారు. మిగతా సగం పదకొండు నోళ్లలోనూ సిద్ధంగా ఉంది. ఎవరినీ పేరు పెట్టి పిలవలేదు. ఎవరూ నోరు తెరవలేదు.

"తనోషి...?" అన్నాడు మళ్లీ, ఈసారి వాళ్ల వైపు చూసి.

ఫ్యాను తిరుగుతోంది. నాలుగేళ్లుగా ఆయన మాట్లాడింది ముందు సగాలే. వెనక సగం ఒక్కసారీ ఆయన నోటి గుండా పోలేదు. చదివితే కళ్లకు వచ్చు. వింటే చెవులకు వచ్చు. నోటికి ఆ దారి తెలియదు.

ఆవిడకు మాట సగంలో మరిచిపోయేవాళ్లతో అలవాటు. ఆశ్రమంలో రోజూ చూస్తుంది. ఒక అడుగు దగ్గరికి వచ్చి, గొంతు తగ్గించి, ఆయనకు మాత్రమే వినపడేలా మిగతా సగం అందించింది.

"...కత్తా."

సిద్దిరాములు తల ఊపాడు. అంతే.

నలుగురు ఎంపికయ్యారు. సంధ్యారాణి పేరు మొదట చదివారు. కారు వెళ్లిపోయాక సిద్దిరాములు పద్మలత గదిలోకి వెళ్లాడు.

"పోయినసారి ఒక్కలు లేరు మేడం. ఈసారి నలుగురు పాసైండ్రు."

"పాసయ్యారండీ. మీరు కాలేదు."

ఆయన గోడ మీది క్యాలెండర్ చూశాడు.

"సోమవారం నుంచి మృదుల చెబుతుంది. మీరు మానెయ్యాలని నేను అనడంలేదు. ఒక రెండు నెలలు వెనక కుర్చీలో కూర్చోండి. మాట్లాడటం వస్తే కొత్తగా చేరేవాళ్ల బ్యాచ్ మీకే ఇస్తాను. కుర్చీ వేయిస్తాను."

ఆమె అన్నది న్యాయమైన మాట. ఆయనకు అది బూతులా వినిపించింది.

మెట్లు దిగుతుంటే సంధ్యారాణి కనిపించింది. ఊరికి ఫోన్ చేసి పెట్టేసినట్టుంది, కళ్లు తుడుచుకుంటోంది. సారును చూసి నిలబడింది.

"నోరెందుకు తెరవలే?" అన్నాడు సిద్దిరాములు.

"పేరు పిలిస్తెనే అన్నరు గద సార్."

"నా బతుకు ఆడ నిలబడ్డది. ఒక్క ముక్క అందియ్యకపోతివి. నువ్వన్నా అందియ్యకపోతివి."

"అందిస్తే మళ్లీ గదే అయితుండె సార్."

"ఏమైతుండె?"

ఆమె మెట్టు మీద పక్కకు జరిగి, చున్నీ సర్దుకుని, మర్యాదగా అడిగింది.

"ఇప్పుడు అనుండ్రి సార్. ఇక్కడ ఎవరూ లేరు. మొత్తం మాట మీరే అనుండ్రి. నేను ఆగుతా."

ఆమె నిజంగానే ఆగింది. వెక్కిరింపు లేదు. చాయ తాగినంక అదెట్లుండెనో చెప్పుకునేటప్పుడు తనకు తాను ఇచ్చుకున్నంత సమయం ఆయనకు ఇచ్చింది. కింద రోడ్డు మీద చౌటుప్పల్ బస్సు హారన్ కొట్టుకుంటూ పోయింది. పైన మెట్రో వచ్చి ఆగి వెళ్లింది. ఒక మనిషి ఒక మాట నేర్చుకోవడానికి అంతకంటే ఎక్కువ ఏమీ అక్కర్లేదు.

"నాకు పాఠం చెప్తవా?" అన్నాడు సిద్దిరాములు. "నాలుగు ముక్కలు రాంగనే సారువైతివా? పో."

ఆమె తల వంచి దండం పెట్టి వెళ్లిపోయింది.

సోమవారం వెనక వరుసలో పద్మలత వేయించిన కుర్చీ ఖాళీగా ఉంది. మంగళవారం కూడా ఎవరూ కూర్చోలేదు. బుధవారం కొత్తగా చేరిన ఒకమ్మాయి దాని మీద బ్యాగు పెట్టుకుంది.